అక్క కూర్చున్న కొలత

"మంచిగున్న కారు నెత్తి కోస్తరా ఎవరన్న?"

అమ్మ ఆ మాట అడగడం అప్పటికి ఎన్నోసారో. నాయన జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. కోడా అది, కోసి పొయ్యి మీదెయ్యనీకి?"

"కోస్తలేనే మగ్దలీనా. జర కిందికి దించుతున్న. అంతే."

"దించాలంటె కోయాలె కద?"

"ఆఁ... కోయాలె."

"మరి కోస్తనని చెప్పు. దించుతనంటవేంది?"

గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ వజ్రమ్మ, పళ్లు లేని నోట్లో రొట్టె నానబెట్టుకుంటూ, "కోయనియ్యే. పైన జర గాలాడుతది. ఎండకాలమాయె," అంది. ఆమె ఎవరి వైపు మాట్లాడుతుందో మాకు ఏనాడూ తెలిసేది కాదు.

నేనూ అక్కా పక్కపక్కన కూర్చుని తింటున్నాం. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. కంచంలోకే చూస్తూ ఉంది.

అది ముప్పై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. అమీర్‌పేట అప్పటికింకా పట్నంలో కలవలేదు. మా ఇంటి వెనక నుంచి చూస్తే జొన్నచేను కోసిన మోళ్లు, వాటికవతల బేగంపేట మైదానం మీద ఎప్పుడో ఒక విమానం. నాయన కృపావరం పంజగుట్టలో ఒక నవాబుగారి దేవిడీలో డ్రైవరు. ఆ ఏడు ఈస్టరు ముందు దేవిడీకి కొత్త కారు వచ్చింది. పాతదాన్ని నవాబుగారు నాయనకు ఇచ్చేశారు. "తీస్కపో, నీ బిడ్డ పెళ్లికి పనికొస్తది" అన్నారట. నాయన దాన్ని నడుపుకుంటూ ఇంటికి వచ్చిన రోజు అమ్మ ఎదురెళ్లి చక్రాల మీద నీళ్లు చల్లింది. మర్నాటి నుంచి వడియాలు ఎండబెట్టడానికి జాగా లేదని సణగడం మొదలుపెట్టింది.

ఆ కారుకు ముందు డ్రైవరు కూర్చునే చోట కప్పు లేదు. వానొస్తే కాన్వాసు గుడ్డ లాక్కోవలసిందే. వెనక మాత్రం నాలుగు టేకు కర్రల మీద నిలబెట్టిన ఒక గది. దాని ఎత్తు చూసి అందరూ నవ్వేవారు. నవాబుగారి తండ్రి దస్తారు, అంటే ఎత్తైన దర్బారు తలపాగా, పెట్టుకుని దర్బారుకు వెళ్లేవాడట. ఆ దస్తారు అంచు కప్పుకు రాసుకోకూడదని పైకప్పు అంతెత్తున చేయించారట. మా గల్లీ పిల్లలు దాన్ని డబ్బా కారనేవారు. ఒకరోజు పాలు పోయడానికి వచ్చిన లచ్చమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "శవాన్ని నిలబెట్టి తీస్కపోనీకా ఏంది, ఇంత ఎత్తు?" అంది. ఆ మాట నాయనకు పట్టుకుంది. పెళ్లికూతుర్ని శవాల బండిలో తీసుకువెళ్లిన వాడిగా మిగిలిపోనన్నాడు. విమానాల దగ్గరికి దొరలు వచ్చే కార్లు చూశాడు. అన్నీ పొట్టివి, నున్నగా నేలకంటుకుని పాకుతున్నట్టుండేవి. మన కారు కూడా అట్లే కావాలన్నాడు.

"అక్క పెళ్లికి నడిచి పోయినా పంజగుట్ట చర్చి ఎంత దూరం నాయనా?" అన్నాను నేను.

"నువ్వు నడువు, నీ పెళ్లికి," అన్నాడు నాయన.

*

అక్క పేరు యేసుమణి. మా ఇంటి ఆడవాళ్లందరిలోకీ పొడుగు. అమ్మ కన్నా నాలుగు వేళ్లు ఎత్తు. మిషను వాళ్ల చిన్నపిల్లల బడిలో రెండేళ్లుగా పంతులమ్మ. ఎదురొచ్చే వాళ్ల ముఖంలోకి చూస్తూ నడిచేది. పొరుగింటి బాబూ మియా రేకుల పని చేసేవాడు. అక్క దూరంగా కనిపించగానే సుత్తి కింద పెట్టి, చేతులు కట్టుకుని, "మాస్టర్నీ వస్తుంది, సబక్ అప్పజెప్పాలె" అని లేచి నిలబడేవాడు. అక్క కూడా తక్కువది కాదు. "నిన్నటిది ముందు చెప్పు బాబూ చాచా" అనేది.

మార్చిలో సికింద్రాబాదు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు దేవసహాయం, రైల్వే ఆఫీసులో గుమాస్తా. తర్వాత రెండుసార్లు వచ్చాడు కానీ, మంచినీళ్లు అడగడం తప్ప వేరే మాట మాట్లాడలేదు. మొదట చూడ్డానికి చుట్టాలతో వచ్చింది తల్లి రాజమ్మ. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, చిరునవ్వుతోనే అంది:

"పిల్ల మంచిగనే ఉన్నది. చదువు సుత మంచిదే. గని జర తల ఎత్తి చూస్తది. మా ఇంట్ల గట్ల నడవది వదినె. ఇప్పటి సంది అలవాటు చెయ్యుండ్రి. బడి సుత చాలు ఇగ."

నాయన నా వైపు చూశాడు, నేను చాపకు ఊడిన పోగులు పీకుతున్నాను. అమ్మ ముఖం మాత్రం ఎర్రబడింది. పదిమందిలో తన పెంపకం మీద మాట పడిందని ఆ రాత్రి నాయనమ్మతో చెప్పుకుని ఏడ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక మాట పుట్టింది. అక్క బిందె ఎత్తుకుని వస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచే "తల" అనేది. అక్క బాబూ మియా వాకిలి దాటుతుంటే "తల". నాయన ఏదో అడిగితే అక్క జవాబు చెప్పబోతుండగా "తల". మరో మాట ఉండేది కాదు, కోపం కూడా ఉండేది కాదు. మొదట్లో అక్క విసుక్కునేది. తర్వాత విసుక్కోవడం మానేసింది. మే నెల వచ్చేసరికి చెప్పవలసిన పనే లేకపోయింది. అమ్మ అది తన విజయమనుకుంది. నేను కూడా అక్క పెళ్లికూతురు అయిందని, పెళ్లికూతుళ్లు ఇలాగే ఉంటారని అనుకున్నాను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివేవారు. ఫలానా వారి కుమార్తెకూ ఫలానా వారి కుమారుడికీ వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పవలసింది అని. దాన్ని ప్రకటన అంటారు. ఒకసారి ప్రకటన చదివాక పెళ్లి ఆగిన ఇల్లు మా పేటలో ఎవరూ ఎరుగరు. అభ్యంతరం ఉందంటూ లేచిన మనిషిని కూడా ఎరుగరు. చదివినంతసేపూ అందరూ వెనక్కి తిరిగి పెళ్లికూతుర్ని చూసి నవ్వేవారు, అంతే.

*

మొదటి ప్రకటనకు ముందు రోజు నాయన కొలత తీశాడు.

మా చర్చిలో పెళ్లికూతుళ్లందరికీ ఒకటే కిరీటం. మైనంతో చేసిన తెల్లపూలది, వెనక వేలాడే ముసుగుతో సహా పాస్టరమ్మగారి దగ్గర ఉండేది. పెళ్లి కుదిరిన ఇంటికి అరువిచ్చేవారు. ఎండకు మైనం మెత్తబడుతుందని అమ్మ దాన్ని తడిగుడ్డ చుట్టిన గిన్నెలో దాచింది. కిరీటం కప్పుకు తగిలితే పూలు నలుగుతాయి, కాబట్టి కిరీటం పెట్టుకుని కూర్చుంటేనే సరైన కొలత వస్తుందన్నాడు నాయన. ఆ మాట అమ్మకు నచ్చింది. కారు కోయడం గురించి ఆమె సణుగుడు ఆపింది ఆ రోజే.

అక్క వెనక సీట్లో కూర్చుంది. అమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి కిరీటం పెట్టి, పిన్నులు గుచ్చి, ముసుగు సర్దింది. నాయన చేతిలో వెదురు కర్ర, చెవి వెనక పెన్సిలు. అవతలి తలుపు దగ్గర బాబూ మియా, అతని పక్కన వడ్రంగం చేసే వడ్ల సారయ్య.

"గట్ల కాదు బిడ్డా," అంది అమ్మ. "పెళ్లినాడు ఎట్ల కూర్చుంటవో గట్ల కూర్చో."

అక్క తల దించింది.

"ఇంకొంచెం."

అమ్మ అరచేయి అక్క మెడ వెనక పెట్టి మెల్లగా నొక్కింది. "నడుం సుత జర వంచు. ముసుగు ముందటికి పడాలె. ఆఁ. గట్ల. కదలకు."

నాయన కర్రను కారు నేల మీద నిలబెట్టాడు. పెళ్లికూతురు ఎక్కడ కదిలిపోతుందో అన్నట్టు ఊపిరి బిగబట్టి, కిరీటం పైన నాలుగు వేళ్లు అడ్డంగా ఉంచి గీత గీశాడు.

బాబూ మియా ఆ గీత చూసి, దాన్ని కారు కర్రకు ఆనించి చూసి, "ఇంత కిందికా, కృపా భాయ్?" అన్నాడు.

"కండ్ల ముందట తీసినం కద. నా బిడ్డ కూర్చుంటె తీసిన కొలత."

"నీ కారు, నీ బిడ్డ. నాదేం పోతది? నేను రేకు కోసేటోన్ని."

"కోసేముందు ఇంకోసారి కొలుస్తం తియ్యి," అన్నాడు సారయ్య. నాయన ఇంకోసారి కొలిచాడు. అమ్మ చేయి ఇంకా అక్క మెడ మీదే ఉంది. గీత మీదే గీత పడింది. నాయన చాలా సంతోషపడ్డాడు.

*

కోసిన రోజు గల్లీ అంతా మా వాకిట్లోనే ఉంది.

ముందు కారులోంచి సీటు తీసి వసారాలో పెట్టారు, రంపపు పొట్టు పడకుండా. అది ఖాళీగా ఉండడం చూసి నాయనమ్మ వెళ్లి అందులో కూర్చుంది. కాళ్లు ముందుకు చాపి, దంచిన వక్కాకు నములుతూ, పని అయ్యేదాకా దిగలేదు. బాబూ మియా పైకప్పు అంచు రేకు విప్పుతుంటే "మెల్లగ, మెల్లగ, సొట్ట పడుతది" అని హుకుం చేస్తూ ఉంది.

"హుకుం బేగం సాహెబా," అన్నాడు బాబూ మియా.

సారయ్య రంపం మొదటి టేకు కర్రలోకి దిగినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. కట్టె కోసే చప్పుడు నేను చాలాసార్లు విన్నాను. ఇది అలా లేదు. కారు మొత్తం, అద్దాలతో తలుపులతో సహా, వణికింది. అప్పటిదాకా గడపలో నిలబడి ఉన్న అమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. బాబూ మియా భార్య బతూల్ బీ గోడవతల నుంచి తొంగిచూసి, "యా అల్లా! నిజంగ కోస్తుండ్రా!" అంది. అప్పటిదాకా మగవాళ్లు పరాచికాలాడుతున్నారనే ఆమె అనుకుందట.

మధ్యాహ్నానికి నలుగురు మనుషులు పైకప్పును ఎత్తి వేపచెట్టు కింద పెట్టారు. మా కోళ్లు వెంటనే దాని కిందికి దూరాయి. తల లేని కారు ఎండలో నిలబడి ఉంది. అంతసేపూ నవ్వుతూ ఉన్నవాళ్లు కూడా ఇంత పని చేశామా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. నాయన మెడ మీద తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇగ వెనకకు పోయేది లేదు భాయ్," అన్నాడు బాబూ మియా. "కానియ్, కింది ముక్క సుత కొయ్యాలె."

నాలుగు కర్రల్లోంచీ ఒక్కొక్క ముక్క తీసేశారు. మిగిలిన మొదళ్ల మీద పైకప్పును మళ్లీ ఎక్కించి, ఇనుప పట్టీలు వేసి బిగించారు. అద్దాలు కోయబోతే ఒకటి పగిలింది. రెండోది కోయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అద్దాల చోట పరదాలు కడితే సరిపోతుందని బతూల్ బీ అంది. తన దగ్గరున్న నీలం సాటిను గుడ్డ పెళ్లికానుకగా ఇచ్చింది. కాన్వాసు బిగించి, నల్లరంగు పూశాక చూస్తే నాయన చెప్పింది నిజమే అనిపించింది. కారు పొట్టిగా, నున్నగా, దొరల కారులాగే ఉంది. లచ్చమ్మ కూడా పాల చెంబు దించి చూసి, "పాములెక్కుంది" అంది. నాయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

*

రెండో ప్రకటన అయిన ఆదివారం సాయంత్రం సీటు బిగించి, నాయన అక్కనూ నన్నూ వెనక కూర్చోబెట్టుకుని పంజగుట్ట దాకా తీసుకెళ్లాడు. ఆయన ముందు నీలాకాశం కింద తలపాగా పెట్టుకుని రాజులా కూర్చున్నాడు. ఎదురొచ్చిన జట్కా వాళ్లు "ఏం కారు ఉస్తాద్!" అని అరుస్తుంటే చేయి ఊపాడు. నేను చిన్నదాన్ని, పొట్టిదాన్ని. నాకు బాగానే ఉంది. కిటికీ సన్నటి సందులా మారినా అందులోంచి గుట్ట మీది రాళ్లు, దేవిడీ గోడలు, మామిడితోట అన్నీ కనిపిస్తున్నాయి.

అక్క తల దించుకుని కూర్చుంది.

"గుట్ట వచ్చిందా?" అని అడిగింది.

"అగో, ఎదురుంగనే ఉంది కద. కనపడతలేదా?"

"రోడ్డు కనపడుతుంది," అంది అక్క. కొంచెం సేపాగి, "మేకలు పోతున్నయి," అంది.

"ఎట్ల తెలుసు?"

"కాళ్లు కనపడుతున్నయి."

నేను నవ్వాను. ఆమె ఆటలాడుతోందనుకున్నాను. ఇల్లు చేరాక అక్క దిగి, నాయన అడిగితే, "మంచిగుంది నాయనా," అంది. అందరూ సంతోషించారు.

*

పరదాలు కట్టడానికి అమ్మ గురువారం పొద్దున కారెక్కింది.

నాయన దేవిడీకి వెళ్లబోతూ ముందు చక్రం దగ్గర గాలి చూస్తున్నాడు. బాబూ మియా ఫుట్‌బోర్డు కింద రంగు తడి ఆరిందో లేదో తాకి చూస్తున్నాడు. నాయనమ్మ యథాప్రకారం వసారాలో. నేను సూదీ దారం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ నీలం గుడ్డ ఒడిలో వేసుకుని వెనక సీట్లో కూర్చుని, పైకి చూడబోయింది.

ఆమె తల కప్పుకు తగిలింది.

"అబ్బా," అని కొంచెం వంగి, మళ్లీ సర్దుకుని కూర్చోబోయింది. మళ్లీ తగిలింది. పక్కకు జరిగింది. అక్కడా అంతే. కొప్పు విప్పి, జుట్టు భుజం మీదికి వదిలి చూసింది. అయినా అంతే.

"ఇటు రాయ్యా," అని నాయనను పిలిచింది. "కొలత తప్పింది."

నాయనకు కోపం వచ్చింది. "నా కొలత తప్పదు. ఇద్దరు మనుషుల ముందట రెండుసార్లు తీసిన."

"మరి నా తల ఎందుకు తాకుతుంది?"

"నీ తల పెద్దది."

"ఆట కాదు. చూడు."

నాయన గొణుక్కుంటూ వెళ్లి గోడకు ఆనించిన వెదురు కర్ర తెచ్చాడు. తలుపు తీసి, దాన్ని కారు నేల మీద నిలబెట్టాడు. గీత సరిగ్గా కప్పుకు తాకింది. వెంట్రుకవాసి తేడా లేదు. "చూసినవా? ఇప్పుడేమంటవు?" అన్నాడు.

అమ్మ ఆ గీత వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"పెద్దది నాకన్న ఇంత పొడుగు కద," అంది, నాలుగు వేళ్లు చూపిస్తూ. ఆ గొంతు వేరుగా ఉంది. "నాకే పట్టని తావుల అదెట్ల పట్టింది?"

నాయన కర్ర మీది గీతను బొటనవేలితో తడిమాడు. బాబూ మియా లేచి నిలబడ్డాడు.

"యేసుమణీ," అని అమ్మ పిలిచింది.

అక్క గిన్నెలు తోముతున్న చేతులు కడుక్కుని వచ్చింది. అమ్మ దిగి, "ఎక్కి కూర్చో" అంది. అక్క ఎక్కి కూర్చుంది. తల దించుకుంది. కప్పుకూ తలకూ మధ్య కిరీటానికీ, ఆ పైన నాలుగు వేళ్లకూ సరిపడా సందు, కొలిచినట్టే, సరిగ్గా ఉంది.

"తల ఎత్తు."

అక్క కదలలేదు.

"ఎత్తు బిడ్డా."

అక్క నడుము నిటారు చేసి తల ఎత్తింది. ఎత్తుతుంటేనే కప్పు ఆపేసింది. మెడ ఒక పక్కకు విరిగినట్టు వంగి, గడ్డం భుజం మీదికి వెళ్లింది. ఆ వంకర మెడతోనే ఆమె అమ్మ వైపు చూసింది. ఎన్ని వారాలయిందో ఆమె కళ్లు మేము చూసి. కింద నల్లటి చారలున్నాయి. అవి ఎప్పుడు వచ్చాయో మాలో ఎవరికీ తెలియదు.

అమ్మ తన కుడి అరచేతిని చూసుకుంది. తర్వాత దాన్ని కొంగులో చుట్టుకుంది, కాలినట్టు.

బాబూ మియా ముందుగా తేరుకున్నాడు. "అరె, గింతదానికి పరేషానెందుకు బెహన్? సీటు కింద స్ప్రింగులు తీసేస్త. ఇంత కిందికి దిగుతది. అయిపాయె."

"అవును," అన్నాడు నాయన ఆత్రంగా. "స్ప్రింగులు తీస్తే సరి. గంట పని."

అమ్మకు ఆ మాటలు వినపడినట్టు లేదు. తలుపు పట్టుకుని, లోపలికి వంగి, అక్కను అడిగింది:

"పిల్లగాని ముఖం ఎట్లుంటది?"

అక్క కళ్లు మళ్లీ కిందికి దించింది.

"దేవసహాయం ముఖం, బిడ్డా. రెండుసార్లు వచ్చిండు కద మనింటికి. నల్లగుంటడా, ఎర్రగుంటడా? మీసముంటదా?"

"తెల్వదమ్మా," అంది అక్క. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. అడిగినందుకు చెప్పింది. "బూట్లు నల్లగుంటయి. ఎడమకాలు దానికి లేసు ముడి పెద్దగుంటది."

వసారాలో నాయనమ్మ నమలడం ఆపింది.

"అవ్‌ మల్ల," అంది అక్క, ఇంకేదో చెప్పవలసి ఉందని గుర్తొచ్చినట్టు. "బడిల అడుగుతుండ్రు. వస్తవా రావా చెప్పు, వేరేటామెను పెట్టుకుంటం అంటుండ్రు. నేనేం చెప్పలే."

అమ్మ నీలం గుడ్డ మడిచింది. చాలా జాగ్రత్తగా, అంచుకు అంచు కలిపి మడిచి నా చేతిలో పెట్టింది. "బతూల్ బీకి ఇచ్చిరా. మల్ల అవసరం పడితే తీస్కుంటనని చెప్పు," అని లోపలికి వెళ్లిపోయింది.

నాయన కర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. దేవిడీకి ఆలస్యమవుతోందని ఎవరో గుర్తుచేయవలసి వచ్చింది.

*

ఆ రెండు రోజులూ ఇంట్లో పని పని లాగే జరిగింది. స్ప్రింగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ అక్కను ఏమీ అడగలేదు. "తల" అన్న మాట కూడా వినిపించలేదు. అది వినపడకపోవడం నాకు భయంగా ఉంది, గోడ గడియారం ఆగిపోయినట్టు. నాయన రెండు మూడుసార్లు, "పిలగాడు మంచోడే కద," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. ఒకసారి నాయనమ్మ, "మంచోడే కావచ్చు. ఎవరు చూసిండ్రు?" అంది. ఆ తర్వాత ఆయన ఆ మాట అనలేదు.

శనివారం పొద్దున అమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. పెట్టె తీసి, రాజమ్మ తెచ్చి పెట్టిన పట్టుచీరను గుడ్డలో మూటగట్టింది. గిన్నెలోంచి మైనపు పూల కిరీటం తీసి ఇంకో గుడ్డలో పెట్టుకుంది. బయట బతూల్ బీ బురఖా వేసుకుని జట్కా దగ్గర నిలబడి ఉంది.

"యాడికి?" అన్నాడు నాయన.

"వస్త," అంది అమ్మ.

పొద్దు వాలుతుంటే తిరిగి వచ్చింది. ముఖమంతా దుమ్ము, చేతులు ఖాళీ. కాళ్లు కడుక్కుంది. కుండలోంచి రెండు చెంబుల నీళ్లు తాగింది. తర్వాత ఏమీ జరగనట్టు పొయ్యి ముట్టించి అన్నం వండింది, వంకాయ కూర చేసింది. దీపం పెట్టేవేళకు అందర్నీ తినడానికి పిలిచింది. నాయన, నాయనమ్మ, అక్క, నేను. అందరికీ వడ్డించి, తన కంచం పెట్టుకుని కూర్చుంది. నాయన ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాక మొదటి ముద్ద కలుపుతూ అమ్మ అంది:

"రేపు మూడో ప్రకటన చదవరు."

నాయన చేయి కంచంలోనే ఆగిపోయింది.

"చర్చిల అయ్యగారికి చెప్పొచ్చిన. అభ్యంతరమున్నోళ్లు చెప్పాలె అని చదువుతరు కద అయ్యగారూ, చెప్పనీకి వచ్చిన అన్న. ఎవరికి అభ్యంతరం అన్నడు. పిల్ల తల్లికి అన్న. ఇట్ల ఎవ్వరు రాలేదమ్మా ఇంతవరకు, అన్నడు. నేను వచ్చిన కద, రాసుకోండి అన్న."

"సికింద్రాబాదు?" అని నాయన అడిగాడు.

"పోయిన. చీర ఇచ్చిన."

"రాజమ్మ ఏమన్నది?" అంది నాయనమ్మ.

"ఏమనాల్నో అన్నీ అన్నది. కూర్చోమనలేదు. నిలబడి విన్న." అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "పిలగాడు ఇంట్లనే ఉండె. ఎర్రగున్నడు. మీసం లేదు. మంచోని లెక్కనే ఉన్నడు. తల్లి మాట్లాడుతుంటె గోడకు చూసుకుంట నిలబడ్డడు."

ఎవరూ తినడం లేదు. పేటలో ఏం అంటారో, చర్చిలో రేపు ఎవరు ఎలా చూస్తారో, రెండు ప్రకటనలు చదివిన పిల్లకు ఇంకో సంబంధం ఎక్కడి నుంచి వస్తుందో, అవన్నీ మా నలుగురి ముఖాల మీదా ఉన్నాయి. అక్క అమ్మ వైపే చూస్తోంది. ఏడవలేదు, నవ్వలేదు. అంత పెద్ద మాటను ఆమె ఇంకా నమ్మలేకపోతోందని నాకు తెలిసింది, ఎందుకంటే నేనూ నమ్మలేకపోతున్నాను.

"మంచిది, మల్ల?" అన్నాడు నాయన చివరికి. "మల్ల ఏం చేద్దాం?"

అమ్మ కూర గిన్నె నాయన వైపు జరిపింది.

"వచ్చేటప్పుడు బడికి పోయిన. వస్తదని చెప్పిన. సెలవులైనంక సోమవారం నాడు పెద్దది బడికి పోతది," అంది. "తినుండ్రి, సల్లగైతుంది."